శనివారం మధ్యాహ్నం నుండి సోమవారం ఉదయం వరకు

(రాయలసీమలోని ఒక పట్టణంలో జరిగిన ముస్లిం పెద్దల, యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకు ఇచ్చిన అంశం “రాజకీయ పార్టీలు, ముస్లింల ఆరోగ్యం”. అంశం చాలా పెద్దది. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసిన మాబోటి వారికి పెద్ద అంశాలు చేతకావు. ఫైలులో ఒక చిన్న కాగితం లేకపోతే ఎంత పెద్ద ఫైలైనా కదలదని మాత్రం అనుభవం మీద తెలుసు. అందుచేత పార్టీల ఆరోగ్య హామీల ఫైలులో ఎన్నేళ్ళుగానో కనిపించకుండా ఉన్న ఒక కాగితం గురించి మాట్లాడదలచుకున్నాము. శనివారం మధ్యాహ్నం నుండి సోమవారం ఉదయం వరకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎవరుంటారు, ఏమి పని చేస్తుంది అన్నదే ఆ కాగితం.

మస్జిదు వీధిలోని టీ హోటళ్ళలో రోజూ జరిగే వాదోపవాదాలు మీరందరూ వింటున్నవే. ఇషా నమాజు అయిన తరువాత మొదలవుతాయి. ఆరోగ్యశ్రీ తెచ్చింది మా నాయకుడని ఒకరు, దానిని మెరుగుపరచింది మావాడని మరొకరు. పరిమితిని పెంచింది ఎవరు, బకాయిలు పెట్టింది ఎవరు అని ఇంకొకరు. గ్లాసులు ఖాళీ అవుతాయి, గొంతులు పెరుగుతాయి, ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు బెంచీల మీద కూర్చుని వేలు చూపుకుంటారు. రాజకీయాలు మాట్లాడడం తప్పని మేము అనము. ఓటు ఉన్నవాడు మాట్లాడాలి. ఎన్నో రాత్రులు మేమూ ఆ బెంచీల మీద కూర్చుని విన్నాము. కానీ ఆ చర్చలలో ఒక్కనాడైనా “ఆదివారం మత్తు డాక్టరు ఉంటాడా?” అన్న ప్రశ్న మా చెవిన పడలేదు.

ఈ పథకం చరిత్రను ఒకసారి చూడండి. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదట మూడు జిల్లాలలో, మన పక్క అనంతపురం అందులో ఒకటి, రాజీవ్ ఆరోగ్యశ్రీగా ప్రారంభమయింది. రాష్ట్రం విడిపోయిన తరువాత ఇక్కడ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019లో ప్రభుత్వం మారగానే డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, పేరు మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. కార్డు మారింది, కార్డు మీది బొమ్మ మారింది. మన ఇళ్ళలో బీరువా తెరిస్తే రేషను కార్డుల పక్కన ఈ పాత కార్డులన్నీ దొంతరగా కనిపిస్తాయి. 2023 డిసెంబరులో ఇక్కడ చికిత్స పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచామని ప్రకటించారు. అదే నెలలో తెలంగాణలో కొత్తగా వచ్చిన ప్రభుత్వం 10 లక్షలకు పెంచింది. ఈ పథకం వల్ల గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు పొంది బ్రతికి బయటపడిన వారు మన మధ్యనే ఉన్నారు. ఈ సభలో కూడా ఉన్నారు. ఆ మేలును ఏ పార్టీ వారు చేసినా మేలే. కాదనడం కృతఘ్నత.

అయితే ఆ కార్డు ఒక హామీ మాత్రమే. వైద్యం చేసేది కార్డు కాదు, మనిషి. ఆ మనిషి ఆ వేళకు అక్కడ ఉండాలి.

కొంతకాలం క్రితం ఒక శనివారం రాత్రి జరిగిన సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. ఆ కుటుంబం వారి అనుమతితోనే చెబుతున్నాము. ఊరు, ఆసుపత్రి పేర్లు చెప్పము. ఒక ఆటో నడిపే యువకుడి భార్యకు నెలలు నిండి నొప్పులు మొదలయ్యాయి. రాత్రి తొమ్మిది దాటింది. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉన్నది. ఆ అమ్మాయి తనకు తెలిసినదంతా చేసింది, ఆమెను తప్పు పట్టే నోరు మాకు లేదు. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నదని, ఆపరేషను చేయవలసి రావచ్చునని డ్యూటీ డాక్టరు అన్నారు. ఆపరేషను చేసే డాక్టరమ్మకు ఫోను చేస్తే ఆమె వస్తానన్నారు. మత్తు ఇచ్చే డాక్టరు మాత్రం లేరు. ఆ ఆసుపత్రికి ఉన్నది ఒక్కరే, ఆయన ఆ శనివారం సెలవులో ఉన్నారు. ఇక మిగిలింది రిఫర్ చీటీ. 108 వచ్చింది. పెద్దాసుపత్రికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. తల్లి బ్రతికింది, అల్‌హందులిల్లాహ్. బిడ్డను మరునాడు జొహర్ తరువాత ఒక తెల్లని గుడ్డలో చుట్టి తెచ్చారు. ఖబ్రస్తాన్‌లో ఒక మూల చిన్న గుంట తవ్వారు. తండ్రి జేబులో ఆసుపత్రి కాగితాలతో పాటు ఆ కార్డు కూడా ఉన్నది.

ఆపరేషను సకాలంలో జరిగి ఉంటే బిడ్డ దక్కేదా అన్న దానికి మేము జవాబు చెప్పలేము, మేము వైద్యులము కాము. కానీ ఆ ఆదివారం రాత్రి టీ హోటలులో జరిగిన వాదన మాత్రం విన్నాము. గత ప్రభుత్వం పోస్టులు నింపలేదని ఒక పక్షం, ఈ ప్రభుత్వం వచ్చి ఇన్నాళ్ళయినా నింపలేదేమని మరొక పక్షం. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరి నిజాలూ కలిపినా సోమవారం నాటికి ఆ ఆసుపత్రిలో రెండవ మత్తు డాక్టరు రాలేదు.

దీని తరువాత మేము, మాతో పాటు ఉద్యోగ విరమణ చేసిన మరి ముగ్గురు మిత్రులు కలిసి కొన్ని వారాల పాటు శని, ఆదివారాలు ఆసుపత్రి ఆవరణలోని వేపచెట్టు క్రింద కూర్చున్నాము. తగవు పెట్టుకోవడానికి కాదు. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, వచ్చినవారిని మర్యాదగా అడిగి వ్రాసుకున్నాము. మొదటి వారం సిబ్బంది అనుమానంగా చూశారు. మూడవ వారానికి వారే పిలిచి టీ ఇచ్చారు.

చూసినది ఇది. శనివారం మధ్యాహ్నం దాటాక ఆవరణ పలుచబడుతుంది. ఓ.పి. కిటికీ మూతపడుతుంది. రెండవ శనివారమైతే ఆ పలుచదనం ఉదయం నుండే. ఆదివారం క్యాజువాలిటీ ఒక్కటే తెరచి ఉంటుంది. ఒక డ్యూటీ డాక్టరు, ఇద్దరు నర్సులు. ల్యాబు మూసి ఉంటుంది. స్కానింగు గది తాళం సోమవారం వరకు తీయరు. మందుల కౌంటరు లేదు గనుక చీటీ పట్టుకుని బయటి మెడికల్ షాపుకు వెళ్ళాలి. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న పిల్లవాడిని తెచ్చిన తల్లికి రక్త పరీక్ష సోమవారం రమ్మంటారు. డెంగీ జ్వరానికి సోమవారం ఎప్పుడో తెలియదు కదా. ఆ తల్లి అక్కడి నుండి ఆర్.ఎం.పి. దగ్గరకో, ప్రైవేటు ల్యాబుకో వెళుతుంది. అక్కడ అప్పు మొదలవుతుంది. ఇక సోమవారం ఉదయం మూడు రోజుల రోగులు ఒకేసారి వచ్చి ఓ.పి. వరుస గేటు దాటుతుంది. ఆ రోజు డాక్టరు ఒక్కొక్కరిని ఎంతసేపు చూడగలరో మీరే ఊహించండి.

అత్యవసరమైతే క్యాజువాలిటీ ఉన్నది కదా, మామూలు జబ్బుకు ఆదివారమే ఎందుకు రావాలి అని ఒక అధికారి మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు చెప్పిన జవాబే మీకూ చెబుతాము. మన వారు చేసే పనులు చూడండి. బట్టల దుకాణంలో గుమాస్తా, మార్కెట్ యార్డులో హమాలీ, బేకరీలో పనివాడు, ఇతరుల ఇళ్ళలో పని చేసే అమ్మ. వీరికి పని దినాన ఓ.పి. వరుసలో నిలబడడమంటే ఆ రోజు కూలి పోవడం. తనకు షుగరు ఉన్నదని తెలిసినా ఆ అమ్మ నెలల తరబడి రక్త పరీక్షకు వెళ్ళదు. కాలి వేలు నల్లబడినప్పుడు వెళుతుంది. శుక్రవారం మూసే మెకానిక్ షెడ్ల వారికి ఉదయం కొంత వీలు ఉన్నది. ఇక మాంసం దుకాణాల సోదరులకు ఆదివారమే సంపాదన, కత్తి వేలి మీద పడేదీ ఎక్కువగా ఆ రోజే. నెల జీతగాడికి ఆదివారం విశ్రాంతి దినం. రోజు కూలివాడికి అది జబ్బు గురించి తీరికగా ఆలోచించగలిగే ఏకైక దినం. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో వైద్య సదుపాయాల కొరతను సచార్ కమిటీ 2006లోనే ఎత్తి చూపింది. అప్పుడు లెక్క కట్టినది భవనాలను. తెరచి ఉండే వేళలను కూడా లెక్క కడితే ఆ కొరత ఇంకెంత పెద్దదిగా కనబడేదో.

ఇప్పుడు గుమాస్తా లెక్క ఒకటి చెబుతాము, విసుగనిపించినా వినండి. మొత్తం సమస్య ఇందులోనే ఉన్నది. వారానికి 168 గంటలు. ఒక ఉద్యోగి రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులు పని చేస్తే 48 గంటలు. అంటే ఒక కుర్చీలో వారమంతా రాత్రింబవళ్ళు ఒక మనిషి ఉండాలంటే మూడున్నర మంది కావాలి. మన రాష్ట్ర ఉద్యోగికి ఏడాదికి 15 సాధారణ సెలవులు, 30 ఆర్జిత సెలవులు ఉంటాయి. నర్సులలో అధికులు స్త్రీలు, వారికి 180 రోజుల ప్రసూతి సెలవు న్యాయమైన హక్కు. ఇవన్నీ కలిపితే కుర్చీకి నలుగురికి తగ్గకూడదు. ఒకే ఒక్క మత్తు డాక్టరు పోస్టు పెట్టి గోడ మీద “24 గంటల ప్రసూతి సేవలు” అని బోర్డు వ్రాయించడమంటే, లెక్క ప్రకారం ఆ బోర్డులో నాలుగింట మూడు వంతులు అబద్ధమని అర్థం. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే బోర్డు వ్రాయించింది, పోస్టులు మంజూరు చేసేటప్పుడు ఈ లెక్క వేయలేదు. భవనం ప్రారంభిస్తే శిలాఫలకం ఉంటుంది. రోస్టరులో ఒక పేరు చేర్చితే శిలాఫలకం ఉండదు. మాకు తోచిన కారణం ఇదే.

ఇక్కడ యువకులకు ఒక మాట. ఆదివారం డాక్టరు లేడని ఆసుపత్రిలో బల్లలు తిరగేసి, అద్దాలు పగులగొట్టి, నర్సు మీద చేయి ఎత్తిన ఘటనలు అక్కడక్కడ జరుగుతున్నాయి. ఆ ఆదివారం ఉన్న ఒక్క డాక్టరును కొడితే వచ్చే ఆదివారం ఆయన కూడా ఉండడు. వారికీ ఇళ్ళున్నాయి. మన ఆసుపత్రి నర్సులలో చాలామంది క్రైస్తవ సోదరీమణులు. మనకు జుమా ఎటువంటిదో వారికి ఆదివారం ప్రార్థన అటువంటిది. శుక్రవారం మధ్యాహ్నం మనకు గంట వెసులుబాటు కావాలని కోరే మనం, ఆదివారం వారంతా ఉండి తీరాలని ఎట్లా అంటాము? అడగవలసింది అది కాదు. వంతులు వేయండి, వంతులకు సరిపడా మనుషులను ఇవ్వండి అని ప్రభుత్వాన్ని అడగాలి.

వంతులు మార్చడం అసాధ్యమేమీ కాదు. హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. మన వారు అధికంగా ఉన్న బస్తీలలో కూడా అవి ఉన్నాయి. మొదట వాటికి ఆదివారం సెలవు. కూలి జనానికి ఆదివారమే వీలని గుర్తించి 2022లో సెలవును శనివారానికి మార్చారు. ఖజానా మీద పెద్ద భారం పడలేదు, శిలాఫలకం అవసరం రాలేదు. ఆ మార్పు చేసిన పార్టీ తరువాతి ఎన్నికలలో ఓడిపోయింది, అది వేరే సంగతి. చిన్న దవాఖానాలలో చేయగలిగినది మన పట్టణ ఆరోగ్య కేంద్రాలలో ఎందుకు చేయలేరు? అయితే ఒక హెచ్చరిక. ఓ.పి. వరకే ఈ ఉపాయం పని చేస్తుంది. కాన్పులకు, గుండెపోటుకు, ప్రమాదాలకు సెలవు జరిపితే సరిపోదు. అక్కడ ఇందాక చెప్పిన నలుగురి లెక్క తప్పదు.

ఈ తగవు మన దేశానికే పరిమితమని అనుకోవద్దు. మన తెలుగు ప్రాంతాల నుండి వెళ్ళిన వైద్యులు ఇంగ్లండు ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన ఎన్.హెచ్.ఎస్.లో చాలామంది పని చేస్తున్నారు. 1948 నుండి అక్కడ వైద్యం ఉచితం. 2015 ఎన్నికలలో కన్సర్వేటివ్ పార్టీ వారానికి ఏడు రోజుల ఆసుపత్రి సేవలు ఇస్తామని వాగ్దానం చేసి గెలిచింది. ఆ సెప్టెంబరులో ఒక పేరున్న వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది. శుక్రవారం నుండి సోమవారం లోపల చేరిన రోగులలో, వారం మధ్యలో చేరిన వారితో పోల్చితే, నెలలోపు మరణాలు ఏడాదికి సుమారు 11 వేలు అధికమని దాని లెక్క. ఇవన్నీ నివారించగలిగిన మరణాలని తేల్చేయడం తొందరపాటు అవుతుందని ఆ పరిశోధకులే హెచ్చరించారు. కానీ అంకె రాజకీయుల చేతికి వచ్చిన తరువాత హెచ్చరిక ఎవరికి కావాలి? ఆరోగ్య మంత్రి జెరెమీ హంట్ వారాంతపు మరణాల మాట ఎత్తి యువ వైద్యుల ఉద్యోగ ఒప్పందాన్ని మార్చబూనారు. మేము ఇప్పటికే శని ఆదివారాలు పని చేస్తున్నాము, అదనపు మనుషులు లేకుండా ఉన్నవారినే ఏడు రోజులకు సాగదీస్తే పని దినాలలో కొరత పడుతుందని వైద్యులు అన్నారు. 2016లో సమ్మెలు జరిగాయి. ఏప్రిల్ 26, 27 తేదీలలో యువ వైద్యులు అత్యవసర విభాగాల నుండి కూడా బయటకు వచ్చారు. వారాంతంలో చేరేవారు సంఖ్యలో తక్కువే గాని జబ్బు ముదిరి వచ్చేవారు అధికమని, మరణాల తేడాకు అది ఒక ముఖ్య కారణమని తరువాతి పరిశోధనలు చూపాయి.

అంత ధనిక దేశంలోనూ వాదన ఎక్కడికి జారిపోయిందో చూడండి. వైద్యులు బద్ధకస్తులా, మంత్రి అబద్ధాలకోరా అన్న చోటికి. ఎందరు మనుషులు కావాలి, వారికి జీతం ఎక్కడి నుండి అన్న ప్రశ్న వెనుక బెంచీకి పోయింది. మన టీ హోటలుకు, లండను పార్లమెంటుకు ఈ విషయంలో పెద్ద తేడా మాకు కనిపించలేదు, అక్కడ టీలో పాలు తక్కువ అంతే.

ఇంకొక మాట, డయాలిసిస్ రోగుల గురించి. వారానికి మూడు సార్లు రక్తశుద్ధి చేయించుకునే వారికి ఆదివారం సెలవు వల్ల ఒకచోట రెండు రోజుల ఎడం వస్తుంది. ఆ ఎడం తరువాతి రోజున మరణాలు అధికంగా ఉంటాయని 2011లో అమెరికా రోగుల మీద జరిగిన పెద్ద అధ్యయనం తేల్చింది. మన కేంద్రాలలో చాలామందికి వారానికి మూడు సార్లు కూడా దొరకడం లేదు. మూత్రపిండాల రోగులు ఉన్న ఇళ్ళ వారికి ఆదివారం రాత్రి కాళ్ళ వాపు, ఆయాసం అంటే ఏమిటో మేము చెప్పనక్కరలేదు.

ఇవన్నీ దయాధర్మాల విషయాలని కొందరు అనుకుంటారు. కావు. పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కార్మికుడు 1992 జూలై 8వ తేదీ రాత్రి మథురాపూర్ స్టేషనులో రైలు నుండి పడి తలకు తీవ్రమైన గాయాలయ్యాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సౌకర్యం లేదన్నారు. ఆ తరువాత ఒకదాని వెంట ఒకటిగా కలకత్తాలోని పలు ప్రభుత్వ ఆసుపత్రులకు త్రిప్పారు. ఒకచోట మంచం లేదు, ఒకచోట యంత్రం లేదు. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17 వేల రూపాయలు ఖర్చు పెట్టి బ్రతికారు. అప్పుడు అక్కడ పాలిస్తున్నది శ్రామికుల పక్షమని చెప్పుకునే వామపక్ష కూటమి. ఆయనా, ఆయన సభ్యుడిగా ఉన్న ఖేత్ మజ్దూర్ సమితీ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1996 మే 6న తీర్పు వచ్చింది. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, డబ్బు లేదన్న సాకుతో రాజ్యం తప్పించుకోజాలదని కోర్టు తేల్చింది. 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆరోగ్య కేంద్రాలలో ప్రాణం నిలబెట్టే ఏర్పాట్లు, ఎక్కడ మంచం ఖాళీ ఉన్నదో తెలిపే సమాచార వ్యవస్థ, అంబులెన్సులు ఉండాలని చెప్పింది. అంతకు ముందు 1989లో పరమానంద కటారా కేసులో, పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు చికిత్స చేయవలసిన బాధ్యత ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరిదీ అని అదే కోర్టు చెప్పి ఉన్నది. ఈ రెండు తీర్పులలోనూ శని, ఆదివారాలకు మినహాయింపు లేదు.

ఒక వ్యవసాయ కూలి దేశమంతటికీ ఉపయోగపడే తీర్పు తెచ్చాడు. అంతకంటే బాగా చదువుకున్నవారం, అంతకంటే ఎక్కువమందిమి ఈ హాలులో ఉన్నాము. పార్టీల వారు ఎన్నికలప్పుడు మన మొహల్లాకు వస్తే మనం ఏమి అడుగుతున్నాము? షాదీఖానాకు పైకప్పు, ఖబ్రస్తాన్‌కు ప్రహరీ గోడ, రంజాన్‌లో ఇఫ్తార్ విందు. ఇవి వద్దని అనము. వక్ఫ్ భూముల రక్షణ, రిజర్వేషన్లు మన హక్కులు, వాటిని అడగవలసిందే. కానీ ఖబ్రస్తాన్ గోడ ఇంచుమించు ప్రతి ఎన్నికలోనూ మన జాబితాలో ఉంటుంది, ఆసుపత్రి మత్తు డాక్టరు ఒక్కసారీ లేడు. అడగనిది ఇవ్వలేదని నాయకులను నిందించడంలో కొంత అన్యాయం ఉన్నదేమో.

అందుచేత ఈ పర్యాయం సైకిలు వారు వచ్చినా, ఫ్యాను వారు వచ్చినా, గ్లాసు, చెయ్యి, కమలం, గాలిపటం, ఏ గుర్తు వారు వచ్చినా ఒకే కాగితం చేతిలో పెట్టాలని మా సూచన. ఎవరికి ఓటు వేయాలో మేము చెప్పము, అది మీ అంతరాత్మ పని. కాగితంలో మాత్రం పథకాల పేర్లు, లక్షలు ఉండకూడదు. మన ఆసుపత్రికి మంజూరైన మత్తు డాక్టరు, స్త్రీల డాక్టరు, పిల్లల డాక్టరు పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, ఎప్పటిలోగా నింపుతారు? ఆదివారం ల్యాబు, మందుల కౌంటరు ఒక పూటైనా తెరుస్తారా? పట్టణ ఆరోగ్య కేంద్రాల సెలవును మరొక దినానికి మారుస్తారా? శని, ఆదివారాల డ్యూటీ జాబితాను, ఫోను నంబరుతో సహా, గేటు దగ్గర అతికిస్తారా? ఈ చివరి దానికి పైసా ఖర్చు లేదు. అయినా అధికారులు అన్నిటికంటే ఎక్కువగా జంకేది దానికే, మేము కుర్చీకి అవతలి వైపు కూర్చుని వచ్చిన వాళ్ళము గనుక చెబుతున్నాము. గోడ మీద పేరు ఉంటే ఆ పేరుగల మనిషి రావలసి ఉంటుంది.

జవాబు వచ్చేలోగా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద ఈ పోస్టుల వివరాలు అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వారికి అసలే లేదు. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలలో ఇవ్వాలి. దరఖాస్తులో కోపం వ్రాయకండి, ప్రశ్నలు మాత్రమే వ్రాయండి. “ఎందుకు నింపలేదు” అని అడిగితే వ్యాఖ్య ఇవ్వజాలమని తప్పించుకుంటారు. “ఏ తేదీ నుండి ఖాళీగా ఉన్నది, భర్తీకి పంపిన లేఖల నకళ్ళు ఇవ్వండి” అని అడిగితే తప్పించుకోలేరు. ఎందుకంటే ఆ లేఖలు ఉంటాయి, లేదా ఉండవు. రెండింటిలో ఏదైనా మనకు ఉపయోగమే. కలెక్టరు కార్యాలయంలో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. వట్టి చేతులతో కాకుండా ఈ జవాబును జతపరచి ఇస్తే దానికి నంబరు పడుతుంది, నంబరు పడిన కాగితానికి జవాబుదారీ ఉంటుంది.

ఈ పని ముస్లింల పేరిట మాత్రమే చేయవద్దు. ఆ ఓ.పి. వరుసలో మన పక్కన నిలబడేది మాల మాదిగ సోదరులు, చేనేత వారు, చర్చి వీధి వారు. మేము వేపచెట్టు క్రింద వ్రాసుకున్న పుస్తకంలో వారి పేర్లు మన పేర్ల కంటే తక్కువ లేవు. వారి పెద్దల సంతకాలు కూడా ఉంటే ఇది ఒక మతం వారి కోరిక అని ప్రక్కన పెట్టడానికి ఎవరికీ వీలుండదు.

పైన చెప్పిన ప్రశ్నలతో తయారైన అర్జీ ప్రతులు ద్వారం పక్కన బల్ల మీద ఉన్నాయి. ఆ ఆటో నడిపే యువకుడు మొదటి సంతకం చేశాడు. చేయదలచిన వారు పేరు, వీధి, ఫోను నంబరు స్పష్టంగా వ్రాయండి. వేలిముద్ర వేసేవారికి ప్రక్కన సాక్షి సంతకం తప్పనిసరి. సోదరీమణుల కోసం వేరే ప్రతులు పరదా లోపలికి పంపించాము. వచ్చే సోమవారం ఉదయం కలెక్టరు కార్యాలయానికి బయలుదేరుతాము. బస్సు ఎనిమిదింటికి మస్జిదు దగ్గర నుండి. మరొక నలుగురు యువకులు కావాలి, నోటు పుస్తకంతో ఈ ఆదివారం వేపచెట్టు క్రింద కూర్చోవడానికి. ఉదయం ఇద్దరు, సాయంత్రం ఇద్దరు.